సవతి పిట్ట

జూన్ 6, 2016

గవాయ్, మా కోతల పండగ, అయిపోయింది. కుండల్లో బియ్యం కల్లు అడుగంటింది. ఒకే కప్పు కింద గుమ్మానికో కాపురం, ముప్పై రెండు గుమ్మాల పొడుగిల్లు మాది, ఏ గుమ్మంలోకి తొంగి చూసినా తల పట్టుకు కూర్చున్నవాళ్లే. నా తలనొప్పి మాత్రం కల్లువల్ల వచ్చింది కాదు.

పొద్దున్న కుదాంగ్ వచ్చాడు. మా ఆయన అన్నగారి కొడుకు, ఇప్పుడు ఇంటిపెద్ద. వసారాలో చాప పరుచుకుని, ఎంతో మర్యాదగా, ఈ ఏడు నుంచి పిట్టల పని తను చూసుకుంటానని అన్నాడు. కొండ వరికి అడవి కొట్టే ముందు, అడవిలో కూర్చుని ఏడు రకాల పిట్టల కూతలు విని, ఏది ఏ పక్కనుంచి కూసిందో చూసి, పని మొదలెట్టాలో ఆగాలో చెప్పడం మా ఆయన ఉంగ్గట్ పని. నలభై ఎనిమిదేళ్లుగా ఇల్లంతా ఆయన మాటమీదే నడిచింది. కుదాంగ్ మాట పూర్తికాకుండానే ఆయన సరేననేశారు. నాకు ఒళ్లు మండింది. అలాగని కుదాంగ్‌ది తప్పని కూడా అనలేను.

ఏప్రిల్లో కపిట్ పట్నం వెళ్లి చెవుల టెస్ట్ చేయించుకొచ్చాం. సన్నటి శబ్దాలు పోయాయని డాక్టరమ్మ చెప్పింది. మెషీన్ పెట్టుకుంటే హోరు తప్ప ఇంకేం లేదు. మగవాళ్ల గొంతు వినిపిస్తుంది. ఆడవాళ్లది చెవి దగ్గర అరిస్తే సగం. పిట్టలది అసలు లేదు.

ఇది మొదలైందని నాకు రెండేళ్ల కిందటే తెలుసు. రబ్బరు తోటలో నెత్తిమీద పిట్ట ఒకటి గోల పెడుతుంటే, అడవి ఇంత మూగగా ఉందేమిటని ఆయన అడిగారు. ఎండకి పడుకుని ఉంటాయి అన్నాను. అప్పుడే నిజం చెప్పాల్సింది.

జూన్ 8

రెండు రోజులు చేపల బుట్ట అల్లుతూ కూర్చున్నారు. ఇవాళ అన్నం దగ్గర ఉన్నట్టుండి అన్నారు: "యాభై ఏళ్లు దాని మాట విన్నాను. మొహం ఎలా ఉంటుందో తెలీదు. ఒక్కసారి చూడాలే."

ఎంబువాస్ గురించి. ఏడు పిట్టల్లోనూ ఆయనకి అదంటే ప్రాణం. అడవిలో ఉండే లకుముకి అది. నీళ్ల దగ్గరికి రాదు, నడిమెత్తు కొమ్మమీద కొయ్యబొమ్మలా కదలకుండా కూర్చుంటుంది. విన్నవాళ్లు ఇంటినిండా ఉన్నారు, చూసినవాళ్లు ఇద్దరో ముగ్గురో. పైగా కూత వినేవాడు పిట్టని వెతుక్కుంటూ పోకూడదు. ఆకులు పరుచుకుని కూర్చోవాలి, అది పిలిస్తే వినాలి. పిలవకపోతే లేచి రావాలి. తొంగి చూడటం మర్యాద కాదని ఈయనకి పని నేర్పిన మేనమామ గట్టిగా చెప్పాడట.

ఇప్పుడు పని పోయింది కాబట్టి ఆ మర్యాద కూడా పోయినట్టేనట. అది ఆయన లెక్క.

కుదాంగ్ ఫోన్లో దాని ఫొటో వెతికి చూపించబోతే అరచేత్తో మూసేశారు. నేను తర్వాత వంటింట్లో చూశాను. మగది నీలం చారలు, ఆడది గోధుమరంగు చారలు. రెంటికీ ఎర్రటి ముక్కు. అందంగానే ఉంది, ముండ.

అది కూసేది వాగు అవతలి వాలులో. ఆ వాలు ఈ ఏడు వరికి కొట్టేస్తున్నారు. జూలై మొదటి వారంలో మొదలు. ఆ తర్వాత అది ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు. డెబ్భై నాలుగేళ్ల మోకాళ్లేసుకుని దాని వెనక కొండలెక్కి తిరగడం ఈయనవల్ల కాదు. చూస్తే ఈ నెలలోనే చూడాలి.

జూన్ 9

ముండ అని రాసినందుకు కొంచెం సిగ్గేసింది. కాని ఈ ఇంట్లో అందరూ దాన్ని నా సవతి అనే అంటారు. ఊరికే అనలేదు.

1966లో ఈయన నన్ను అడగడానికి పడవేసుకుని మా ఇంటికి బయల్దేరారు. దారిలో ఎంబువాస్ ఎడమనుంచి కూసింది. వెళ్లే దారిలో ఏడు పిట్టల్లో ఏది ఎడమనుంచి కూసినా ఆ రోజుకి ప్రయాణం మానెయ్యాలన్నది వీళ్ల వంశం లెక్క. తిరిగిపోయారు. మా అమ్మ కోడిని కోసి వెదురుబొంగులో వండి పెట్టుకుని, సాయంత్రం దాకా రేవువైపు చూసింది. పది రోజులకి మళ్లీ కబురు, మళ్లీ కోడి, మళ్లీ రాలేదు. మూడోసారి కోడి ఉడకగానే మేమే తినేశాం. కూతుర్ని మేమిస్తుంటే మధ్యలో పిట్టని అడుగుతాడేమిటని అమ్మ ఇల్లు ఎగిరిపోయేలా తిట్టింది. నాలుగోసారి వచ్చారు. అప్పటికి నాకు కోపం పోయి, అసలు మనిషి ఎలా ఉంటాడో చూడాలనిపించింది. చెవులు కొంచెం పెద్దవి. నవ్వొచ్చింది. ఒప్పుకున్నాను.

పెళ్లయ్యాక ప్రతి ఏడూ అడవి కొట్టే ముందు వారం రోజులు అడవిలో పాక వేసుకుని దాంతోనే కాపురం. నేనిక్కడ ఒంటరిగా అన్నం వండుకునేదాన్ని. సవతి కాక మరేమిటి.

జూన్ 12, ఉదయం 11

వెళ్లాం, వచ్చాం. చెప్పుకుంటే పరువు పోతుంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను ఆయన చెవులు. ఇదీ ఒప్పందం. ఆడదాన్ని కూతలు వినడానికి తీసుకెళ్లడం ఈ ఇంట్లో ఎప్పుడూ లేదు. కుదాంగ్ తల గోక్కున్నాడు కాని ఏం అనలేదు. కూతలన్నీ నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో నేను వడ్లు ఆరబోస్తుంటే ఆయన పక్కన కూర్చుని ఏడు పిట్టల్నీ ఈలవేసి వినిపించేవారు. తప్పు చెబితే మళ్లీ వేసేవారు. నేను కావాలనే తప్పు చెప్పేదాన్ని.

దారిలో నేను ముందు, ఆయన వెనక. వాగు చేరకముందే ఏడు పిట్టల్లో ఒకటి, నెందాక్, కూసింది. గబుక్కున వెనక్కి తిరిగి, ఆయన చెవి దగ్గర అరిచాను, ఎడమ అని. ఆయన ఇంటిదారి పట్టారు. మెట్లెక్కి, కాళ్లకి పట్టిన జలగలు పీకుతుంటే అప్పుడు వెలిగింది. నేను ఆయనవైపు తిరిగి నిలబడ్డాను. అది నా ఎడమ. ఆయనకి కుడి.

మంచి శకునాన్ని మోసుకుని ఇంటికొచ్చేశాం. ఆయన నన్ను చూసిన చూపు రాయలేను.

జూన్ 13

ఇల్లంతా నవ్వుతోంది. ముసలమ్మలు కూడా రెండు చేతులూ ఎత్తి, తీజా, ఇందులో ఎడమ ఏదో చెప్పు అంటున్నారు.

జూన్ 15

కొత్త పద్ధతి. ఆయన ముందు, నేను వెనక. ఏ పక్క కూస్తే ఆయన ఆ పక్క భుజం మీద నేను చెయ్యి వెయ్యాలి. మాట అక్కర్లేదు. ఇది ఆయనే ఆలోచించారు, ఆలోచించినందుకు గర్వంగా కూడా ఉన్నారు.

పొద్దున్న ఏడింటికి ఏడింట్లో ఇంకొకటి, పపావ్, కూసింది. ఎడమ. చెయ్యి వేశాను. ఆగి, వెనక్కి తిరిగారు. కోపం లేదు. చెయ్యి వేసినప్పుడు ఆయన భుజం ఎముక చేతికి తగిలింది. ఇంత చిక్కిపోయారని నాకు తెలియలేదు.

జూన్ 17

వాన.

జూన్ 18

వాన. ఆయన బుట్ట పూర్తయింది. ఇంకోటి మొదలెట్టారు. మాకిన్ని చేపలు ఎక్కడివి?

జూన్ 19, ఆదివారం

చర్చికి వెళ్లాను. పిట్ట కుడినుంచి కూసేలా చూడమని దేవుణ్ణి అడగొచ్చా లేదా అన్నది తేలక, ఆయన మోకాళ్ల కోసం మాత్రం అడిగాను. అది అడగడానికి అభ్యంతరం ఉండదు.

జూన్ 22

వాగు దాకా వెళ్లాం. నీళ్లు మోకాటి లోతు, దాటబోతుంటే మళ్లీ ఎడమ. చెయ్యి వేస్తే ఆయన నీళ్లలోనే ఆగిపోయారు. అవతలి ఒడ్డు పది అడుగుల్లో ఉంది. ఆ వాలు, ఆ చెట్లు, అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. తిరిగేటప్పుడు రాయిమీద కాలు జారి మోకాలు మెలికపడింది. ఇంటిదాకా నా భుజం పట్టుకుని వచ్చారు.

నాకు పిట్టలమీద కోపం రాలేదు, ఈయనమీద వచ్చింది. పని లేదు, చెవులు లేవు, ఆ లెక్క మాత్రం ఎందుకు? అడిగాను కూడా, చెవిలో అరిచి. చెవులు పోతే మాట పోతుందా అన్నారు. పసుపు నూరి కట్టు కట్టాను.

జూన్ 27

కుదాంగ్ వచ్చి, వచ్చే సోమవారం, నాలుగో తారీకున వాలు కొట్టడం మొదలెడతామని చెప్పాడు. పిట్టలు అన్నీ సరిగ్గా కూశాయట అతనికి. చెప్పి ఊరుకోక, చిన్నాన్న కోసం ఒక ఉపాయం చెప్పాడు. ఫోన్లో ఎంబువాస్ రికార్డింగ్ ఉంది, తను కుడివైపు పొదలో కూర్చుని వాల్యూమ్ పెంచి మోగిస్తాడు, అది విని అసలుది బయటికొస్తుంది, శకునమూ కుదురుతుంది, చూడటమూ అవుతుంది. పట్నంనుంచి పిట్టల్ని చూడ్డానికి వచ్చేవాళ్లు ఇలాగే చేస్తారట.

ఆయనకి రెండుసార్లు చెప్పించుకుంటే గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వారు.

"పెళ్లికూతురి బదులు నువ్వే తల ఊపితే పెళ్లయిపోతుందిట్రా?"

కుదాంగ్ కూడా నవ్వేసి, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. మంచివాడే. వాడు వెళ్లాక ఈయన నాతో, కరువొచ్చిన ఏడు కూడా వినని కూతని విన్నానని తను చెప్పలేదన్నారు. నిజం. ఆ ఏడు పిట్ట కుడినుంచి కూసిందని ఒక్క మాట అనమని ఇల్లంతా బతిమాలింది, అందులో నేనూ ఉన్నాను. అనలేదు. పదకొండు రోజులు ఆలస్యంగా విత్తాం. అందరూ ఈయన్ని తిట్టుకుంటూ నాగదుంపలు తిన్నారు.

ఆ రోజుల్లో అడవి మా మెట్లదాకా ఉండేది. వంటింట్లో కూర్చుంటే ఏ పిట్ట కూసినా నాకు వినిపించేది, ఈయన ఎక్కడున్నారో అటునుంచి తెలిసేది. అప్పుడు విసుక్కున్నాను. ఇప్పుడు ఆ విసుగైనా కావాలనిపిస్తోంది.

జూన్ 30

మోకాటి వాపు తగ్గలేదు. తగ్గిందని అబద్ధమాడుతున్నారు.

జూలై 2, ఉదయం 5

వెళ్తున్నాం. ఆయన అప్పుడే మెట్ల దగ్గర నిలబడ్డారు, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని. పెళ్లిచూపులకి వెళ్తున్నట్టు.

జూలై 2, మధ్యాహ్నం

తడి బట్ట కూడా మార్చుకోలేదు. ముందు ఇది రాయాలి.

వాగు దాటాం. దారి పొడుగునా ఒక్కటీ కూయలేదు. అవతలి ఒడ్డు ఎక్కి, పెద్ద చెట్ల మధ్యకి వచ్చాక ఆయన ఒకసారి వెనక్కి చూశారు. ఏం లేదని తల ఊపాను. ఆయన మొహంలో అంత సంతోషం చూసి ఎన్నేళ్లయిందో.

ఇంకో ఇరవై అడుగులు వేసి ఉంటాం. అప్పుడు కూసింది. ముందు ఒక పొడుగు ఈల, దాని వెనక చిన్నచిన్నవి, ఒకదాని తర్వాత ఒకటి తగ్గుతూ, ఆఖరుది గాలిలో కలిసిపోయేదాకా. అదే. చాలా దగ్గర. ఎడమ.

నా చెయ్యి సగం లేచింది. ఆయన వీపు నాకు రెండు అడుగుల్లో ఉంది. చెయ్యి వేస్తే చాలు, తల కూడా ఎత్తకుండా తిరిగిపోతారు. ఎల్లుండి ఆ చెట్లు ఉండవు. ఆ మోకాలు మళ్లీ వాగు దాటదు.

చెయ్యి దించేశాను.

అది మళ్లీ కూసింది. ఈసారి కొమ్మ కూడా తెలిసింది. ఆయన్ని ఆపి, గడ్డం పట్టుకుని మొహం అటు తిప్పాను. మొదట కనబడలేదు, ఇద్దరికీ. ఆకులు, తీగలు, ఇంకా ఆకులు. తర్వాత ఒక తీగమీద ఎర్రటి ముక్కు కనిపించింది. దాని వెనక మిగతా పిట్టంతా ఒక్కసారిగా తేలింది. నీలం, నలుపు, నీలం, నలుపు, తోక కొసదాకా చారలు. నీలమంటే మగది. యాభై ఏళ్లు ఒక మగాడితో సవతి పోరు పడ్డాను.

ఆయన ఊపిరి తీసుకోవడం మానేశారేమో అని భయమేసింది. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నపిల్లాడిలా చూస్తూ నిలబడ్డారు. కళ్లనిండా నీళ్లు. తుడుచుకోలేదు, తుడుచుకుంటే కదలాలి కదా. నాకూ ఏడుపొచ్చింది. సవతి అని ఇన్నాళ్లు తిట్టినందుకు కాదు. ఆయన్ని అంత సంతోషంగా నేను ఎప్పుడూ ఉంచలేదేమో అని.

అప్పుడు అది నెత్తిమీద ఈకలు నెమ్మదిగా లేపింది. ముక్కు తెరిచింది. గొంతు కదిలింది. కూస్తోంది. ఆయనకి వినబడదు, కాని కనబడుతుంది.

ఆయన దాన్ని చూశారు. తన ఎడమ చెయ్యి చూసుకున్నారు. నన్ను చూశారు. నేను కింద ఆకులు చూశాను.

ఎంతసేపటినుంచి కూస్తోందని గాని, ఎందుకు చెప్పలేదని గాని అడగలేదు. పిట్టవైపు ఇంకొకసారి కళ్లెత్తి చూసి, ఇంటిదారి పట్టారు. నా భుజం పట్టుకోలేదు. వాగులో కూడా.

జూలై 3

మాట్లాడటం లేదు. నా సవతి మగాడేనయ్యా అని చెవిలో అరిచాను, నవ్వుతారని. నవ్వలేదు. నావంక చూసి మొహం తిప్పుకున్నారు.

సరే. నా తప్పే. ఆయన చెవుల్ని నేను, ఆ చెవులే అబద్ధం ఆడాయి. రబ్బరు తోటలో ఒకసారి, వాలులో ఒకసారి. కాని మళ్లీ అదే రోజు వస్తే, మళ్లీ అదే చేస్తాను.

జూలై 4

పొద్దున్న ఆరింటికి రంపాలు మొదలయ్యాయి. రంపపు హోరు ఆయనకి వినిపిస్తుంది. అది మాత్రం వినిపిస్తుంది.

నాకు జ్వరం. వాగు నీళ్లవల్ల. ఆయన మాటిమాటికీ వచ్చి నుదురు పట్టుకుని చూస్తున్నారు, మాట మాత్రం లేదు. ఇంత కోపమున్నవాళ్లు నుదురు ఎందుకు పట్టుకోవాలి?

జూలై 5

కుదాంగ్ ఆకుకూర ఇవ్వడానికి వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చుని చెప్పాడు. చిన్నాన్న నిన్నటినుంచి తన వెంటబడి ఒకటే అడుగుతున్నాడట: విన్న కూతని దాచినవాళ్ల కీడు ఇంకొకరిమీదికి మళ్లించడం ఎలాగ అని. కూత ఎడమనుంచి వచ్చిందని తెలిసీ దాచితే, దాచినవాళ్లకే కీడు. పక్కన నడిచినవాళ్లకి అంటదు. ఇది నాకు తెలీదు. మగవాళ్లు వాళ్లలో వాళ్లు చెప్పుకునే లెక్క. కోడిని ఇచ్చి చూద్దామని కుదాంగ్ అన్నాడట. కోడి సరిపోదు, కోడి బదులు తననే ఇచ్చుకుంటానని ఈయన అన్నారట.

మూడు రోజులుగా కోపమనుకుంటున్నాను. ఈ మనిషి భయపడుతున్నాడు. నాకోసం.

లేచి వసారాలోకి వెళ్లాను. ఆయన బుట్ట అల్లడం లేదు, వెదురుపేళ్లు ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నారు. చెవి దగ్గర నోరుపెట్టి అన్నీ చెప్పేశాను. రెండుసార్లు కూసిందని, రెండూ విన్నానని, చెబితే తిరిగిపోతావని చెప్పలేదని. ఎండకి పిట్టలు పడుకున్నాయన్న పాత అబద్ధం కూడా చెప్పాను. ఏడుస్తూ అరుస్తుంటే ఆయనకి ఎంత వినబడిందో, వసారాలో మిగతా వాళ్లందరికీ మాత్రం బాగా వినబడింది.

"నాకా పిట్ట ఎందుకే," అన్నారు. "నువ్వు పోతే దాన్ని చూసి ఏం చేసుకోను?"

నాకు చలేసింది. వెళ్లి పడుకున్నాను.

జూలై 6

జ్వరం ఉంది. ఆయన పొద్దున్నే గుండీలన్నీ పెట్టుకుని వచ్చి, నా చాపమీద కూర్చున్నారు. లేచి తన కుడివైపు కూర్చోమన్నారు. కూర్చున్నాను. ఎంబువాస్‌లా కూయమన్నారు.

నేర్పినట్టే ఈల వేశాను. పొడుగుది ఒకటి, తర్వాత చిన్నవి, తగ్గిస్తూ, ఊపిరి అయిపోయేదాకా. ఆయన ఎదురుగా గోడని చూస్తూ, తల వంచి, వినేవాడిలా కూర్చున్నారు.

"వినిపించింది," అన్నారు.

యాభై ఏళ్లలో కూత గురించి ఆయన అబద్ధం చెప్పడం ఇదే మొదలు.